ఇద్దరు మదామ్‌లు, ముగ్గురు మస్యోలు: ఇంగ్లిష్ కార్డులో ఎలా రాయాలి?

భాను_విశాఖ (రాత్రి 8:10)

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్ళు, వీలైతే ఫ్రెంచ్ కూడా తెలిసినవాళ్ళు కాస్త తొందరగా చెప్పండి. వచ్చే గురువారం మా కాలేజీలో సదస్సు ఉంది. ఫ్రాన్స్ నుంచి ఐదుగురు ప్రొఫెసర్లు వస్తున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. ఇంగ్లిష్ ఆహ్వాన పత్రం రాసింది నేనే. ఫ్రెంచివాళ్ళు కదా, వాళ్ళ పద్ధతిలోనే గౌరవిద్దామని మగవాళ్ళ పేర్ల ముందు 'మాన్సియర్స్' అనీ, ఆడవాళ్ళ పేర్ల ముందు 'మదామ్స్' అనీ పెట్టాను. చివర ఎస్ తగిలిస్తే బహువచనం అయిపోతుందనుకున్నాను. 200 కార్డులు అచ్చయి వచ్చేశాయి.

ఈ రోజు మా హెచ్‌ఓడీ మేడమ్ కార్డు చేతిలోకి తీసుకుని రెండు మాటల కిందా పెన్సిల్‌తో గీత గీశారు. "రెండూ తప్పే భానూ, సరైనవి ఏమిటో కనుక్కుని రా" అన్నారు. మధ్యాహ్నం నుంచి అన్నం సయించలేదు. ఇప్పుడు ఏం రాయాలి?

పద్దుల_శర్మ (రాత్రి 8:31)

మగవాళ్ళకి మెస్సర్స్ బాబూ. మా గుంటూరులో రోజూ రాసేదే.

తులూజ్_తెలుగు (రాత్రి 9:05)

భాను గారూ, ముందు కాస్త భోంచేయండి. ఇది ఇంగ్లిష్ వాళ్ళు కూడా తడబడే చోటే.

నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను, అదీ రాతలో కాదు, నలుగురి మధ్యలో నోటితో. పక్కింటి ఇద్దరు పెద్దావిడలకి కలిపి "బోంజూర్ మదామ్స్" అన్నాను. చిన్నావిడ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా "మేదామ్" అని రెండుసార్లు పలికి చూపించింది.

కారణం తెలిస్తే మళ్ళీ మరిచిపోరు. మదామ్ అనేది ఒక్క మాటలా కనిపిస్తుంది కానీ అది రెండు మాటలు. 'మా' అంటే నా, 'దామ్' అంటే దొరసాని. నా దొరసాని. మీరు మాన్సియర్ అని రాసిన మాటని ఇక్కడ మస్యో అని పలుకుతారు. అది కూడా అంతే, 'మోన్' అంటే నా, 'స్యర్' అంటే దొర. ఫ్రెంచ్‌లో వస్తువు ఒకటి కంటే ఎక్కువైతే 'నా' అనే మాట కూడా మారిపోతుంది. మోన్ అయినా మా అయినా బహువచనంలో 'మే' అవుతుంది. అందుకే మార్పు మాట మొదట్లో వస్తుంది: మదామ్ బహువచనం మేదామ్, మస్యో బహువచనం మెస్యో. పెళ్ళికాని అమ్మాయిని పిలిచే మద్‌మ్వాజెల్ అయితే మేద్‌మ్వాజెల్. రాతలో చివర కూడా ఎస్ చేరుతుంది గానీ అది పలకదు. చెవికి వినపడే బహువచనమంతా మొదటి అక్షరంలోనే ఉంటుంది.

మీ 'మదామ్స్'లో చివర ఎస్ ఉంది, మొదట్లో 'నా' మాత్రం ఏకవచనంగానే మిగిలిపోయింది. తేడా అంతే.

భాను_విశాఖ (రాత్రి 9:18)

అక్కా, ఇన్నాళ్ళూ మదామ్ అంటే మేడమ్‌కి ఫ్రెంచ్ ఉచ్చారణ అనుకున్నాను. లోపల 'నా' ఉందని తెలియనే తెలియదు.

కొత్త_నీరు (రాత్రి 9:40)

నాకొక అభ్యంతరం ఉంది. కార్డు ఇంగ్లిష్‌లో ఉంది, ఫ్రెంచ్‌లో కాదు. ఒక మాట మన భాషలోకి వచ్చాక మన వ్యాకరణమే దానికి వర్తించాలి. మనం బస్సుకి 'లు' తగిలించి బస్సులు అంటున్నాం. లేడీస్‌లో ఇంగ్లిష్ బహువచనం ముందే ఉన్నా పట్టించుకోకుండా లేడీసులు అనే వాళ్ళున్నారు. ఎవరూ ఇంగ్లండు వ్యాకరణం అడగడం లేదు. మరి ఇంగ్లిష్‌వాళ్ళు మాత్రం ఫ్రెంచ్ వ్యాకరణానికి ఎందుకు తలవంచాలి? మదామ్స్ అంటే అర్థం కాని వాళ్ళెవరు?

అనువాదాల_గది (రాత్రి 10:22)

కొత్త_నీరు గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మామూలు నామవాచకాలకి ఆ సూత్రం ఇంగ్లిష్‌లో చాలావరకు చెల్లుతుంది. కానీ ఈ రెండు మాటల దగ్గర ఇంగ్లిష్ తనంతట తానే వేరే దారి పట్టింది.

మగవాళ్ళ మాట చూడండి. ఇంగ్లిష్ మిస్టర్ ఫ్రెంచ్ నుంచి నేరుగా వచ్చిన గౌరవ పదం కాదు, అది మాస్టర్‌కి మారు రూపం. దాని పొట్టి రాత ఎమ్ ఆర్. చివర ఎస్ చేర్చి బహువచనం చేద్దామంటే ఎమ్ ఆర్ ఎస్ అవుతుంది, అది పెళ్ళయిన ఆడవాళ్ళ ముందు రాసే మిసెస్! ఆ చోటులో ఇంగ్లిష్ ఫ్రెంచ్ మెస్యోని తెచ్చుకుని, మధ్య అక్షరాలు తీసేసి, మెస్సర్స్ అని కుదించింది. పలకడం కూడా ఇంగ్లిష్ తీరులో మెసర్జ్ అని పలుకుతుంది. అంటే ఒక మనిషి ఇంగ్లిష్ మిస్టర్, ఇద్దరు కలిస్తే ఫ్రెంచ్ మెస్సర్స్. ఏకవచనం ఒక ఇంటిది, బహువచనం ఇంకో ఇంటిది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్‌లో మేడమ్‌కి ఎస్ చేరిస్తే మేడమ్స్ అవుతుంది. ఆ రూపానికి వ్యభిచార గృహాలు నడిపే ఆడవాళ్ళు అనే అర్థం బలంగా ఉంది. గౌరవంగా పిలవడానికి ఇంగ్లిష్ కూడా ఫ్రెంచ్ రూపాన్నే వాడుకుంటుంది, ఉచ్చారణ మాత్రం మేడామ్ అని సాగదీస్తుంది. భాను గారి కార్డులో ఉన్నది ఫ్రెంచ్ స్పెల్లింగే కాబట్టి అంత ప్రమాదం లేదు. అయినా ఇంగ్లిష్ చదివే మనిషి కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఇంటికి వచ్చే అతిథి పేరు దగ్గర ఆ క్షణం కూడా వద్దు.

కొత్త_నీరు (రాత్రి 10:30)

ఆ అర్థం నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. కార్డు మార్చాల్సిందే.

పద్దుల_శర్మ (ఉదయం 6:50)

నిన్న ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయాను, యార్డు పని ఉండి. మెస్సర్స్ గురించి నాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది, వివరంగా రాస్తాను.

మిర్చి యార్డులో కమీషన్ కొట్ల బిల్లు పుస్తకాలు చూస్తే ప్రతి పేరు ముందూ ఎమ్, ఒక వాలు గీత, ఎస్ ఉంటాయి. టెండరు నోటీసులో, బ్యాంకు ఉత్తరంలో, కోర్టు దావాలో అదే. కుర్రాళ్ళు దాన్ని 'ఎమ్ బై ఎస్' అని చదువుతారు. అది మెస్సర్స్ అనీ, మెస్సర్స్ ఫ్రెంచ్ మాట అనీ మా కొట్లో ఎవరికీ తెలియదు. నాకు చెప్పింది మా గురువుగారు, ఆయన పాతకాలపు ఆడిటరు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. మెస్సర్స్ అంటే 'దొరలు', అంటే మనుషులు. కాబట్టి మనుషుల పేర్లతో నడిచే భాగస్వామ్య సంస్థకే అది సరిపోతుంది. ఫలానా అండ్ ఫలానా, ఫలానా అండ్ సన్స్, అలాంటి వాటికి. లిమిటెడ్ కంపెనీ చట్టం కళ్ళలో తానే ఒక వ్యక్తి, దాని పేరు ముందు 'దొరలు' అనడానికి అక్కడ దొరలెవరూ లేరు. పేరు 'ది' అని మొదలైనా వేయకూడదు. పేరులోనే సర్ లాంటి బిరుదు ఉంటే మళ్ళీ ఇంకో గౌరవం అక్కర్లేదు. ఇదీ ఇంగ్లండు పాత ఉత్తరాల మర్యాద. మన దేశంలో ఈ తేడాలన్నీ చెరిగిపోయాయి. ప్రైవేట్ లిమిటెడ్ ముందూ అదే, ఒక్క మనిషి నడిపే చిల్లర కొట్టు ముందూ అదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానంతట అదే వేసేస్తుంది.

ఒకసారి ఏమైందంటే, ఒకావిడ తన పేరుతోనే పచ్చళ్ళ వ్యాపారం పెట్టింది. బ్యాంకుకి రాసిన ఉత్తరంలో అలవాటుగా ఆవిడ పేరు ముందు ఎమ్, గీత, ఎస్ వేశాను. డిగ్రీ చదివే వాళ్ళమ్మాయి చదివి, "అంకుల్, మా అమ్మని మిజ్ అని రాశారు, మధ్యలో ఈ గీత ఎందుకు?" అని అడిగింది. మిజ్ అంటే పెళ్ళయిందా లేదా అని చూడకుండా ఆడవాళ్ళ పేరు ముందు ఎమ్, ఎస్ అని రాసే ఇంగ్లిష్ మాట. అప్పుడు నాకు తోచింది, ఆ పిల్ల చదివిందే అక్కడికి సరిగ్గా సరిపోయింది. నేను రాసింది 'దొరలు' అని, అదీ ఒంటరి ఆడమనిషికి. ఉత్తరం మార్చి టైపు చేశాను.

వరలక్ష్మి_టీచర్ (ఉదయం 7:35)

శర్మగారూ, మీ ఉత్తరం చదువుతుంటే మన భాషలో ఉన్న ఒక మాట గుర్తొచ్చింది. రోజూ పేపర్లో కనిపించేదే. సర్వశ్రీ!

ముగ్గురు పెద్దమనుషుల పేర్లు వరసగా రాసేటప్పుడు శ్రీ, శ్రీ, శ్రీ అని మూడుసార్లు రాయం. ముందు ఒక్కసారి సర్వశ్రీ అని, పేర్లన్నీ రాసి, చివర గార్లు అంటాం. మెస్సర్స్ చేసే పని ఇదే కదా. ఒక్కసారే ముందు నిలబడి వెనకున్న అందరికీ గౌరవం పంచుతుంది. బహువచనం మాట మొదట్లో కూర్చోవడం తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు.

ఇంకొకటి. తులూజ్ అమ్మాయి 'నా' అనే మాట గౌరవ పదంలో కలిసిపోయిందని చెప్పింది చూశారా, అది చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. మనం మొగుణ్ణి ఏమంటాం? మావారు. మా, వారు. విడదీసి ఎవరైనా ఆలోచిస్తామా? ఒక్క మాటగా నోటికొస్తుంది. అందులో 'మా' ఉంది, గౌరవం ఉంది, ఆ గౌరవం కూడా బహువచనంలోనే ఉంది. అక్షరాలా అది మన మెస్యో. తేడా ఏమిటంటే ఫ్రెంచివాళ్ళు ఆ 'నా'ని వీధిలో కనిపించిన ప్రతి మనిషికీ ఇచ్చేశారు, మనం ఒక్కరికే దాచుకున్నాం.

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పాను. ఈ పోలిక ఒక్కసారి కూడా తట్టలేదు.

తులూజ్_తెలుగు (ఉదయం 11:20)

టీచర్ గారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. మావారికి చదివి వినిపించాను!

ఇక్కడ కూడా ఎవరికీ ఆ 'నా' వినపడదు. కానీ పూర్తిగా చావలేదు, ఒకచోట బయటపడుతుంది. ఎదురుగా ఉన్నావిడని పిలిస్తే మదామ్. అదే ఆవిడ గురించి ఇంకొకరితో చెప్పాలంటే 'ఆ మదామ్' అనరు, 'ఆ దామ్' అంటారు, 'నా' ఊడిపోతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు బేకరీలో 'ఆ మదామ్ ఇచ్చింది' అంటే వాళ్ళ టీచరు దిద్దేది. మగవాళ్ళ మాటలో మాత్రం ఊడదు. 'ఆ మస్యో' అనే అంటారు. ఎందుకంటే స్యర్ అనే విడి మాట వాడుకలోంచి వెళ్ళిపోయింది.

ఇంకా ఇలా నడుము దగ్గర బహువచనం వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. బొనోమ్ అంటే పెద్దమనిషి లాంటి వాడు, బహువచనంలో బోంజోమ్. కులీనుణ్ణి జాంతియోమ్ అంటారు, బహువచనంలో జాంతిజోమ్. రెండు మాటలు అతుక్కున్నా అతుకు దగ్గర ఇంకా ప్రాణం ఉందన్నమాట.

దుకాణాల్లోకి అడుగు పెట్టేటప్పుడు లోపల ఆడా మగా కలిసి ఉంటే పెద్దవాళ్ళు 'మెస్యోదామ్' అంటూ వస్తారు. రెండూ కలిపి ఒక్క పలకరింపు. సభలో మాట్లాడేటప్పుడు మాత్రం మేదామ్ ముందు, మెస్యో తర్వాత.

గోదారి_యానాం (మధ్యాహ్నం 1:15)

స్యర్ విడిగా వాడుకలో లేదంటున్నారు కానీ మా ఇంట్లో కాగితం మీద ఉందండీ!

మాది యానాం. 1954 దాకా మా ఊరు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉంది, చట్టప్రకారం మన దేశంలో కలిసింది 1962లో. చుట్టూ అప్పటి తూర్పు గోదావరి జిల్లా, మధ్యలో మేము, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఫ్రెంచ్. మా తాతగారి నాన్నగారి పెళ్ళి రిజిస్టరు నకలు ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది. మడత పెట్టిన చోట చిరుగు పట్టింది, సిరా ఇటుకరంగులోకి తిరిగింది. అందులో ముత్తాతగారి పేరు ముందు 'ల స్యర్' అనీ, ముత్తవ్వ పేరు ముందు 'ద్‌మ్వాజెల్' అనీ రాసుంది. చిన్నప్పుడు అవి ఇంటిపేర్లేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది, గుమస్తా 'నా' తీసేసి రాశాడు. సర్కారు రిజిస్టరుకి ఎవరూ 'నా' కారు కదా.

అక్కగారూ, ద్‌మ్వాజెల్ అంటే పెళ్ళికాని పిల్ల అనే కదా?

తులూజ్_తెలుగు (మధ్యాహ్నం 2:02)

అవును తమ్ముడూ, రిజిస్టరులో అంతే. ఆ కాగితం జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టించు, మడత విప్పి.

ఆ మాట మీద ఇక్కడ పెద్ద పోరాటమే జరిగింది. మస్యోకి పెళ్ళయిందా లేదా అని ఎవరూ అడగరు. ఆడపిల్ల ప్రతి ఫారం మీదా మదామా, మద్‌మ్వాజెలా అని గడి నింపాలి. కరెంటు కనెక్షన్‌కి నా పెళ్ళితో పనేమిటి? 2011లో స్త్రీవాద సంఘాలు గట్టిగా ఉద్యమం చేశాయి. 2012 ఫిబ్రవరి 21న ప్రధాని ఫ్రాన్స్వా ఫీయోఁ ప్రభుత్వ ఫారాల్లోంచి మద్‌మ్వాజెల్ తీసేయమని సర్క్యులర్ ఇచ్చారు. అందులోనే 'పుట్టింటి పేరు', 'మొగుడి పేరు' అనే గడులు కూడా మార్చమన్నారు. దాని మీద కేసు వేస్తే ఆ ఏడాది డిసెంబరులో అక్కడి పాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానం సర్క్యులర్ సరైనదే అంది. జర్మనీలో అయితే పెళ్ళికాని పిల్లని పిలిచే ఫ్రాయ్‌లైన్ అనే మాటని 1972లోనే ఆఫీసుల్లోంచి తీసేశారు.

మన దగ్గర శ్రీమతి, కుమారి అనే రెండు గడులు ఇంకా ఎన్ని ఫారాల మీద ఉన్నాయో చూడండి. కింద శ్రీ ఒక్కటే గడి. మా చెల్లెలికి నలభై నాలుగేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసుకి వెళ్ళిన ప్రతిసారీ 'కుమారి' అని టిక్కు పెట్టాల్సి రావడం దానికి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

కాబట్టి భాను గారూ, వచ్చే ఇద్దరికీ పెళ్ళయిందో లేదో వెతక్కండి. వయసులో ఉన్న ఏ స్త్రీకైనా మదామ్ అనండి, ఇద్దరైతే మేదామ్.

అనువాదాల_గది (మధ్యాహ్నం 3:30)

పాత కాలంలో పెళ్ళికీ ఆ మాటలకీ సంబంధం ఇంత సూటిగా ఉండేది కాదు, అంతస్తుతో ఉండేది. రాజు పెద్ద తమ్ముణ్ణి ఇంకే పేరూ లేకుండా ఒట్టి మస్యో అనేవారు. పద్నాలుగో లూయీ తమ్ముడు ఓర్లేయాఁ ప్రభువు ఫిలిప్ అలాగే పేరు పొందాడు. అతని భార్య ఒట్టి మదామ్. మామూలు ఇళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళని కూడా మద్‌మ్వాజెల్ అనేవారు. నాటకకర్త మోల్యేర్ భార్య అర్మాండ్ బేజార్‌ని మద్‌మ్వాజెల్ మోల్యేర్ అనే పిలిచారు.

దానికి సరిగ్గా తలకిందులు పదిహేనో లూయీ కూతుళ్ళు. ఎనిమిది మంది ఆడపిల్లలు. రాజు కూతుళ్ళు కాబట్టి పుట్టుకతోనే మదామ్‌లు, అందరినీ కలిపి మేదామ్ అనేవారు. పెళ్ళి చేసుకున్నది పెద్దమ్మాయి ఒక్కతే. చిన్నప్పుడు వాళ్ళని వరస సంఖ్యతో పిలిచేవారు. ఒకామె మదామ్ సిజ్యెమ్, అంటే ఆరో మదామ్. అందరికంటే చిన్నది మదామ్ దెర్న్యేర్, అంటే ఆఖరి మదామ్. మన ఊళ్ళలో పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిట్టచివరి పిల్ల అన్నట్టే. వాళ్ళలో అదెలాయీద్, విక్త్వార్ అనే ఇద్దరు ఫ్రెంచ్ విప్లవం వచ్చాక 1791లో దేశం విడిచి ఇటలీ చేరారు, చివరికి విక్త్వార్ ట్రియెస్ట్‌లో, అదెలాయీద్ రోమ్‌లో పోయారు.

ఆ విప్లవం ఈ మాటల్నే కొన్నాళ్ళు ఊడ్చేసింది. 'నా దొర', 'నా దొరసాని' అనడం సమానత్వానికి తగదని అందరూ సిత్వాయాఁ, సిత్వాయెన్ అన్నారు, అంటే పౌరుడు, పౌరురాలు. తర్వాత మస్యో, మదామ్ మళ్ళీ ఇంటికొచ్చాయి, ఈసారి రాజు తమ్ముడికి కాదు, చేపలమ్మే మనిషికి కూడా. నాకు ఇందులో ఇష్టమైన సంగతి అదే. గౌరవాన్ని రద్దు చేయలేకపోయారు గానీ అందరికీ పంచారు.

మలక్‌పేట_అన్న (సాయంత్రం 5:48)

మస్తు మాట్లాడుతున్నరు అందరు. హైదరాబాద్ ముచ్చట నేను జెప్తా.

రోజు మెట్రోల పోయేటోళ్ళకు ముసారాంబాగ్ స్టేషన్ ఎరుకే గదా. ఆ పేరు యాడికెళ్ళి వచ్చిందో ఎరుకనా? నిజాం దగ్గర ఫ్రెంచి సేనాపతి ఒకాయన ఉండె, పేరు రేమాఁ, ఇంగ్లిష్ల రేమండ్ అంటరు. మస్యో రేమాఁ అన్న మాట జనం నోట్ల అరిగి, ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయింది. ఆయన తోట మూసా రాం బాగ్. మూసా అంటే ఆ మస్యోనే. గన్‌ఫౌండ్రీల ఫిరంగులు పోయించింది గూడ ఆయనే. 1798ల సచ్చిపోయిండు.

ఆయన సమాధి మా ఇంటికి దగ్గరనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద. ఈ చర్చ సదివినంక పొద్దుగూకే యాళ్ళకు పోయి చూసొచ్చిన. సన్నగ పొడుగు రాయి నిలవెట్టిన్రు, దాని మీద జె, ఆర్ అని రెండే అచ్చరాలు. చెయ్యి పెట్టి చూసిన, ఎండకు రాయి ఇంక ఎచ్చగనే ఉంది. కింద క్రికెట్ ఆడే పోరగాళ్ళను అడిగితె 'మూసా రాం సమాధి' అన్నరు. రెండు వందల ఏండ్లు దాటినా ఆయన పేరు ముందట 'నా దొర' ఊడలే.

వరలక్ష్మి_టీచర్ (సాయంత్రం 6:15)

అన్నా, ఎంత మంచి సంగతి చెప్పావు. పరాయి గౌరవ పదం మనవాళ్ళ చేతిలో సొంత పేరైపోయింది. ఇద్దరు దేవుళ్ళ పేర్లు కూడా తోడయ్యాయి.

కొత్త_నీరు (సాయంత్రం 6:40)

ఇదే నేను మొదట చెప్పింది. మాట మనదైతే మనం మలుచుకుంటాం. ముసారాంబాగ్‌ని ఎవరూ దిద్దరు. కానీ అతిథి పేరు ముందు పెట్టే మాట మనది కాదు, ఆ మనిషిది. ఈ తేడా నిన్న నాకు తట్టలేదు.

భాను_విశాఖ (రాత్రి 7:55)

అందరికీ దణ్ణాలు. ఇప్పుడు అసలు పని. కార్డులు మళ్ళీ అచ్చు వేయించడానికి డబ్బులు శాంక్షన్ అవ్వవు. తప్పు ఉన్న వరస మీద కొత్త చీటీ అంటిద్దామనుకుంటున్నాం. చీటీ మీద మెస్సర్స్ అని మూడు పేర్లు, మేదామ్ అని రెండు పేర్లు. సరేనా?

అనువాదాల_గది (రాత్రి 8:20)

వ్యాకరణానికి సరే. కానీ ఆగండి, వాళ్ళు ప్రొఫెసర్లు అన్నారు కదా? ఇంగ్లిష్ కార్డులో చదువుతో వచ్చిన హోదా ఉంటే అదే ముందుండాలి. ప్రొఫెసర్స్ అని ఒక్కసారి రాసి ఐదు పేర్లూ వరసగా వేయండి. ఆడా మగా తేడా ఉండదు, ఎవరు ముందు అనే తగవు ఉండదు. పైగా ఈ రోజుల్లో మెస్సర్స్ మనుషుల పేర్ల ముందు కాస్త పాతబడి కనిపిస్తుంది. మన దేశంలో అయితే శర్మగారన్నట్టు అచ్చంగా బిల్లు పుస్తకం మాట. ముగ్గురు పండితుల్ని పిలిచి కమీషన్ కొట్టు వరసలో నిలబెట్టినట్టుంటుంది.

పద్దుల_శర్మ (రాత్రి 8:34)

ఆ మాట నిజం. నేను మొదట ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ప్రొఫెసర్స్ అనే వేయించు బాబూ.

తులూజ్_తెలుగు (రాత్రి 9:12)

నాకూ అదే నచ్చింది. వేదిక మీద స్వాగతం చెప్పేవాళ్ళు మాత్రం నోటితో ఒక్కసారి 'మేదామ్, మెస్యో' అంటే వాళ్ళ మొహాలు విచ్చుకుంటాయి, చూడండి. మె అన్నప్పుడు నోరు కొంచెం తెరవాలి. మస్యో అంటే ఒక్కరే, మెస్యో అంటే అందరూ. ఆ ఒక్క అచ్చు దగ్గరే ఉంది తేడా అంతా.

భాను_విశాఖ (తర్వాతి శుక్రవారం, రాత్రి 9:30)

సదస్సు అయిపోయింది. ఆదివారం నేనూ ఇద్దరు పిల్లలూ కూర్చుని 200 కార్డుల మీద చీటీలు అంటించాం. స్వాగతం నేనే చెప్పాను. బాత్రూమ్ అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. 'మేదామ్, మెస్యో' అనగానే ముందు వరసలో ఉన్న పెద్ద ప్రొఫెసర్ గారు, ఆవిడకి డెబ్భై ఉంటాయేమో, తల పైకెత్తి నా వైపే చూసి చేతులు జోడించారు. టీ విరామంలో దగ్గరకి వచ్చి ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగారు. తులూజ్‌లో ఉండే మా అక్క నేర్పింది అన్నాను.

హెచ్‌ఓడీ మేడమ్ పెన్సిల్ గీతలున్న పాత కార్డు నేను దాచుకున్నాను.

ఇంకొక్క సాయం. ఐదుగురికీ విడివిడిగా కృతజ్ఞత ఉత్తరాలు పంపాలి. వాటికి పొట్టి రూపాలు వాడొచ్చా? ఎమ్ పక్కన చుక్క, అలాగ?

తులూజ్_తెలుగు (రాత్రి 10:41)

భానూ, ఏడిపించావు నన్ను. పెద్దావిడకి నా నమస్కారాలు రాయి.

ఉత్తరంలో పొట్టి రూపాలు వద్దు. ఫ్రెంచ్ పద్ధతిలో మస్యోకి ఎమ్ చుక్క, మెస్యోకి రెండు ఎమ్‌లు చుక్క, మదామ్‌కి ఎమ్ ఎమ్ ఇ లాంటివి మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే రాస్తారు. ఎదుటి మనిషికే రాసేటప్పుడు మాట మొత్తం రాయాలి, కుదిస్తే గౌరవం కుదించినట్టే. ఉత్తరం మొదట్లో పేరు కూడా అక్కర్లేదు. ఒట్టి 'మదామ్,' అని కామా పెట్టి కింది వరసలో మొదలుపెట్టు. చివర సెలవు తీసుకునే వాక్యంలో మళ్ళీ అదే పిలుపు రావాలి, పైన మదామ్ అంటే కింద కూడా మదామే. కవరు మీద పేరు ముందు కూడా పూర్తిగా రాయి. మగవాళ్ళ కవరు మీద ఇంగ్లిష్ అలవాటుగా ఎమ్ ఆర్ అని మాత్రం వేయకు, అక్కడ దాన్ని తప్పుగానే చూస్తారు.

డ్రాఫ్టు రాసి నాకు పంపు, పోస్ట్ చేసేలోపు చూసి పెడతాను.